స్పీడు 40, గేరు ఫోర్తు, బండి మాత్రం ఎక్కట్లేదు. ఎత్తు మీద ఏ గేరు వెయ్యాలి?

మధురవాడ_మలుపు
1.2 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఐదు గేర్లు. డ్రైవింగ్ స్కూల్లో చెప్పిన లెక్క ఇది: 10 దాటితే సెకండు, 20కి థర్డు, 35కి ఫోర్తు, 50కి టాప్. అదే పాటిస్తున్నాను. విశాఖలో హనుమంతవాక నుంచి ఎండాడ వైపు జూ దగ్గర ఎత్తులో ఫోర్తు మీద 40లో వెళ్తుంటే బండి వణుకుతోంది. యాక్సిలేటర్ నొక్కినా లాగట్లేదు. గాజువాక ట్రాఫిక్‌లో సెకండ్‌లో ఉంటే కుదుపులు, ఫస్ట్ వేస్తే అరుపు. మైలేజీ 12 దాటట్లేదు. సర్వీసులో చూపిస్తే బండిలో ఏ లోపమూ లేదన్నారు. వచ్చే నెల నలుగురం అరకు వెళ్ళాలి. ఏ స్పీడుకి ఏ గేరో సరైన పట్టిక ఎవరైనా ఇస్తారా?

టాప్‌గేర్_తాత
మైలేజీ కావాలంటే ఎంత తొందరగా టాప్‌కి వెళ్తే అంత మంచిది. 40కే టాప్ వేసీండి. ఇంజిన్ తక్కువ తిరిగితే పెట్రోలు తక్కువ తాగుద్ది.

ఎన్ఏడీ_కొత్తరోడ్
తాతగారూ, ఆయన ఫోర్త్‌లోనే లాగట్లేదంటుంటే మీరు టాప్ వెయ్యమంటారేటండీ!

క్లచ్‌ప్లేటు
లెక్క వేసి చూద్దాం. చిన్న పెట్రోల్ బళ్ళలో గేర్ నిష్పత్తులు (గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్ ఒక్క చుట్టుకి ఇంజిన్ తిరిగే చుట్లు) ఇంచుమించు ఇలా ఉంటాయి: ఫస్టు 3.5, సెకండు 1.9, థర్డు 1.3, ఫోర్తు 0.95, టాప్ 0.75. చివర డిఫరెన్షియల్ (చక్రాలకి బలం అందించే గేర్లు) దగ్గర ఇంకో 4.2. టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి 1.85 మీటర్లు కదుల్తుంది. వీటితో కడితే, ఇంజిన్ 1000 ఆర్‌పీఎంలో (నిమిషానికి 1000 చుట్లు) ఉన్నప్పుడు బండి స్పీడు ఇదీ:

ఫస్ట్‌లో 7.5
సెకండ్‌లో 14
థర్డ్‌లో 20
ఫోర్త్‌లో 28
టాప్‌లో 35

మోడల్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ పెద్ద తేడా ఉండదు. ఇప్పుడు 40 స్పీడు తీసుకోండి. టాప్‌లో అది 1150 ఆర్‌పీఎం కూడా లేదు. ఐడిలింగే (యాక్సిలేటర్ ముట్టుకోనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) 800 దగ్గర ఉంటుంది కదా, అంటే ఇంజిన్ దానికి కొంచెమే పైన ఉంది. ఫోర్త్‌లో 1430, థర్డ్‌లో 2000. ఈ సైజు పెట్రోల్ ఇంజిన్‌కి అసలు బలం 4000 దాటాక వస్తుంది. మారుతి 1.2 కె-సిరీస్‌కి గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 113 ఎన్ఎం, అది కూడా 4200 దగ్గర. 1430లో ఎత్తు ఎక్కించమంటే వణక్క ఏం చేస్తుంది? జూ దగ్గర ఎత్తుకి థర్డే కరెక్టు. ఏసీ వేసుండి, నలుగురు కూర్చుని, స్పీడు 30కి పడిపోతే సెకండ్ వేసినా తప్పు లేదు, 2100 దగ్గర ఉంటుంది.

డ్రైవింగ్_మేష్టారు
స్కూళ్ళలో ఇచ్చే ఆ పట్టిక ఒక్క సందర్భానికే పనికొస్తుంది: చదును రోడ్డు, ఒకరిద్దరు మనుషులు, కాలు తేలిగ్గా వేసి స్పీడు పెంచుకుంటూ పోవడం. గేరు పైకి మార్చడం నేర్పించడానికి అది పెట్టారు. కిందకి ఎప్పుడు మార్చాలో అందులో లేదు. మన ఊళ్ళో చదునెక్కడుంది? బీచ్ రోడ్డు వదిలితే ప్రతి రెండు కిలోమీటర్లకీ ఎత్తో డౌనో తగుల్తుంది.

గేరు ఎంచుకోడానికి స్పీడు సగం సంగతి. మిగతా సగం, ఇంజిన్ మీద ఇప్పుడు ఎంత బరువు పడుతోందన్నది. ఆర్‌పీఎం ముల్లు లేని బండిలోనూ దీన్ని కాలితో తెలుసుకోవచ్చు. యాక్సిలేటర్ ఇంకో అరంగుళం నొక్కండి. బండి వెంటనే ముందుకి కదిలితే గేరు సరైనదే. ఇంజిన్ బొంగురుపోయి, గేర్ రాడ్ వణికి, స్పీడు పెరక్కపోతే ఒక గేరు ఎక్కువైందన్నమాట. కిందకి దించండి. పాదం నేలకంటా నొక్కినా ప్రయోజనం ఉండదు.

టాప్‌గేర్_తాత
మేష్టారూ, అలా అయితే చదును రోడ్డు మీద నా మాట తప్పు కాదు కదా. రుషికొండ నుంచి భీమిలి దాకా 60లో టాప్ వేసి వదిలేస్తే లీటరుకి 20 పైనే వస్తుంది.

క్లచ్‌ప్లేటు
దానికి ఒప్పుకుంటాను. 60లో టాప్ అంటే 1700 ఆర్‌పీఎం, చదును మీద ఏ ఇబ్బందీ లేదు. ఇంజిన్ కుదుపు లేకుండా మోసినంత కాలం పై గేరులోనే పెట్రోలు తక్కువ ఖర్చవుతుంది. మోయలేనప్పుడు లెక్క తిరగబడుతుంది. మీరు కాలు పూర్తిగా అదిమేస్తారు. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే తలుపు) పూర్తిగా తెరుచుకుంటే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు) పెట్రోలు ఎక్కువ కలిపి పంపుతుంది. లోపల నాకింగ్ (మిశ్రమం వేళ తప్పి పేలడం) మొదలైతే నాక్ సెన్సర్ పసిగడుతుంది, ఈసీయూ స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది, దాంతో ఉన్న బలం కూడా తగ్గుతుంది. పెట్రోలు పోయి, పికప్పూ పోతుంది. ఇంజిన్ మౌంటింగుల రబ్బర్లు తొందరగా కూచుండిపోవడానికి ఈ వణుకే ఒక కారణం.

సిరిపురం_సిగ్నల్
టర్బో (ఇంజిన్‌లోకి గాలిని అదిమి పంపే ఫ్యాను) ఉన్న పెట్రోల్ బళ్ళవాళ్ళు ఇది ఇంకా జాగ్రత్తగా చదవాలి. 1.0 టర్బోలు తక్కువ ఆర్‌పీఎంలోనే బాగా లాగుతాయి కదా అని 1300 దగ్గర టాప్‌లో పెట్టి పూర్తిగా నొక్కితే, స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో ఇది తెలిసిన జబ్బే. పిస్టన్ రింగులు, పిస్టన్ అంచులు పగిలేంత దెబ్బ. ముందు ఒక గేరు దించి, తర్వాత నొక్కండి.

డీజిల్_డాల్ఫిన్
డీజిల్‌కి మాత్రం మీ 2000లు 3000లు అక్కర్లేదు. ఎత్తు మీద కూడా తక్కువలోనే గుంజుకుపోద్ది.

ఘాట్‌రోడ్_గిరి
డాల్ఫిన్ గారూ, అది సగమే నిజం. 1.3 మల్టీజెట్ తీసుకోండి. 75 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలత) రకానికి టార్క్ 190 ఎన్ఎం, 2000 దగ్గర. అదే 1700 కిందకి దిగితే టర్బో నిద్రపోతుంది, బండిలో ఇంజిన్ ఉందా లేదా అనిపిస్తుంది. పైగా డీజిల్ బళ్ళకి గేర్లు పొడుగ్గా ఉంటాయి, ఒక్కో గేరులో 1000 ఆర్‌పీఎంకి వచ్చే స్పీడు పెట్రోల్ కన్నా ఎక్కువ. అనంతగిరి ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపు 15 స్పీడులో తిరిగి సెకండ్‌లో పైకి లాగించబోతే 1000 కన్నా కిందకి పడిపోతుంది. అక్కడ ఫస్టే. చాలామంది కదులుతున్న బండికి ఫస్ట్ వెయ్యకూడదనుకుని, సెకండ్‌లో హాఫ్ క్లచ్ (పెడల్ సగమే వదిలి) పట్టి ఎక్కిస్తారు. నాలుగు మలుపులు తిరిగేసరికి క్లచ్ కాలిన వాసన కొడుతుంది.

భీమిలి_బ్రేకులు
కదులుతుండగా ఫస్ట్ పడదు కదండీ, గర్రుమంటుంది.

క్లచ్‌ప్లేటు
10 కన్నా తక్కువలో ఉంటే ఇప్పటి బళ్ళలో మెత్తగానే పడుతుంది, ఫస్ట్‌కీ సింక్రోనైజర్ (గేరు పడేముందు లోపలి చక్రాల వేగాలు కలిపే రింగు) ఉంటుంది. 20లో వెయ్యబోతే ఇంజిన్ 2700 దగ్గర తిరగాల్సి ఉంటుంది, అంత తేడా సరిచెయ్యాలంటే సింక్రో రింగు మీద భారం పడుతుంది. అందుకే రాడ్ ఎదురు తంతుంది. గట్టిగా తోసేసి వెయ్యకండి. బ్రేకు మీద 10కి తెచ్చుకుని వెయ్యండి. అప్పటికీ రాకపోతే ఇలా చెయ్యండి: క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి యాక్సిలేటర్ చిన్నగా ఒక్కసారి తట్టి ఇంజిన్‌ని 1500కి తేండి, మళ్ళీ క్లచ్ తొక్కి ఫస్ట్. జారిపోయినట్టు పడుతుంది. పాత లారీ డ్రైవర్లు ఏళ్ళ తరబడి ఇలాగే వేశారు.

మధురవాడ_మలుపు
ఇప్పుడు అర్థమవుతోంది. గాజువాక దగ్గర సెకండ్‌లో కుదుపుకి కారణం కూడా ఇదేనా?

డ్రైవింగ్_మేష్టారు
అదే. పైన క్లచ్‌ప్లేటు ఇచ్చిన పట్టిక చూడండి. సెకండ్‌లో 10 స్పీడంటే 715 ఆర్‌పీఎం, ఐడిలింగ్ కన్నా తక్కువ. ఇంజిన్ ఆగిపోకుండా ఈసీయూ ఒకసారి పెట్రోలు పెంచుతుంది, ఒకసారి తగ్గిస్తుంది, మీకు ఎగుడుదిగుడు తగుల్తుంది. 12 కన్నా తక్కువలో పాకాలంటే ఫస్టే. ఫస్ట్‌లో అరుపు వస్తోందంటే యాక్సిలేటర్ నొక్కుతున్నారన్నమాట. ఫస్ట్ వేసి క్లచ్ మెల్లగా పూర్తిగా వదిలి, రెండు కాళ్ళూ తీసెయ్యండి. బండి తనంతట తనే 6-7 స్పీడులో పాకుతుంది. ముందు బండికి ఒక కారు పొడవు ఖాళీ వదిలితే అదే స్పీడులో చాలాదూరం బ్రేకు, క్లచ్ తొక్కకుండా వెళ్ళొచ్చు. ఆ ఖాళీలోకి ఆటోలు దూరతాయి, దూరనివ్వండి.

బండి పూర్తిగా ఆగి పావు నిమిషం దాటేలా ఉంటే న్యూట్రల్ వేసి ఎడం కాలు తీసెయ్యండి. క్లచ్ తొక్కి పట్టుకుని కూర్చుంటే రిలీజ్ బేరింగ్ అరుగుతుంది. కేబుల్ క్లచ్ బళ్ళలో పెడల్ పైభాగంలో కొంచెం ఆట ఉండాలి, ఎంతన్నది బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఆట లేకపోతే కాలు పెట్టకపోయినా క్లచ్ సగం తొక్కినట్టే.

సీతమ్మధార_సీఎన్‌జీ
సీఎన్‌జీ వాళ్ళు అన్ని చోట్లా ఒక గేరు తక్కువ అనుకోవచ్చు. వేగన్ఆర్ 1.0 పెట్రోల్ మీద 67 పీఎస్, గ్యాస్ మీద 57. దానికి తోడు డిక్కీలో సిలిండర్ బరువు. సింహాచలం కొండకి అడవివరం వైపు నుంచి ఎక్కేటప్పుడు పెట్రోల్‌కి మార్చుకోవడం మంచిది. మలుపు మధ్యలో ఊపిరి అందక ఆగిపోయే బాధ తప్పుతుంది.

ఎన్ఏడీ_కొత్తరోడ్
ఎక్కడం సరే. మన ఊళ్ళో అసలు గొడవ దిగడం దగ్గర. పాండురంగాపురం డౌన్‌లో న్యూట్రల్ వేసి బీచ్ దాకా జారిపోయేవాళ్ళు ఎంతమందో. పెట్రోలు మిగుల్తుందట.

టాప్‌గేర్_తాత
మిగులుద్ది కదా మరి. ఇంజిన్ ఐడిలింగ్‌లోనే ఉంటుంది.

క్లచ్‌ప్లేటు
మిగలదండీ. ఇంజెక్షన్ బళ్ళు వచ్చినప్పట్నుంచీ ఆ లెక్క మారిపోయింది. గేరులో ఉండి యాక్సిలేటర్ పూర్తిగా వదిలేస్తే, ఇంజిన్ సుమారు 1500 పైన ఉన్నంతసేపు ఇంజెక్టర్లు మూసుకుంటాయి. చుక్క పెట్రోలు పోదు, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఉంటే ఐడిలింగ్‌కి గంటకి అర లీటరు పైనే తాగుతుంది, ఏసీ ఉంటే ఇంకా ఎక్కువ. డ్యాష్‌బోర్డ్‌లో అప్పటికప్పటి మైలేజీ చూపించే బళ్ళుంటే డౌన్‌లో థర్డ్ వేసి కాలు తీసి చూడండి, అంకె చిట్టచివరికి వెళ్ళిపోతుంది.

కార్బరేటర్ రోజుల్లో తాతగారి మాటకి కొంత బలం ఉండేది. ఆ రోజుల్లో కూడా ఘాట్‌లో ఆ పని చెయ్యకూడదు.

ఘాట్‌రోడ్_గిరి
దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, అరకు వెళ్తున్నారు కాబట్టి. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. వెళ్ళేటప్పుడు ఎక్కిన ఎత్తంతా వచ్చేటప్పుడు దిగాలి. నలుగురు మనుషులు, సామానుతో బండి 1300 కిలోలు అనుకోండి. న్యూట్రల్ వేస్తే ఆ బరువంతా నాలుగు బ్రేకుల మీదే పడుతుంది. డిస్కులు కాగి, ప్యాడ్లు పట్టు తప్పుతాయి, కాలిన వాసన వస్తుంది. ఇంకా వేడెక్కితే బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా ఆగుతుంది, తేమ పట్టాక 140 దగ్గరే మరగొచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, సముద్రం పక్కన ఉన్న ఊరు మనది. రెండేళ్ళకోసారి మార్పించి తీరాలి. మరిగిన ఆయిల్లో ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తగా నేల దాకా వెళ్ళిపోతుంది, బండి ఆగదు.

దిగడానికి కొండగుర్తు: ఏ గేరులో ఎక్కగలరో అదే గేరులో దిగండి. అనంతగిరి ఘాట్‌కి ఎక్కువ భాగం సెకండు, తిన్నగా ఉన్నచోట థర్డు. సెకండ్‌లో 28-30 స్పీడులో బండిని ఇంజినే పట్టుకుంటుంది. స్పీడు పెరుగుతుంటే బ్రేకు గట్టిగా ఒకసారి వేసి, 5 స్పీడు తగ్గించి, పూర్తిగా వదిలెయ్యండి. మళ్ళీ పెరిగితే మళ్ళీ వెయ్యండి. కాలు మెల్లగా ఆనించి పెట్టుకునే ఉంటే డిస్కు చల్లబడే సందే దొరకదు. గేరు మలుపుకి ముందే మార్చాలి. మలుపులో స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉండాలి.

ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కేవాడికి దారివ్వాలి. అది మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. దిగేవాడు ఆగి మళ్ళీ తేలిగ్గా కదలగలడు, ఎక్కేవాడికి కష్టం.

భీమిలి_బ్రేకులు
ఇంజిన్‌తో ఆపితే క్లచ్ అరిగిపోదా? బ్రేక్ ప్యాడ్లు చవక, క్లచ్ సెట్టు ఖరీదు.

క్లచ్‌ప్లేటు
క్లచ్ పూర్తిగా వదిలేశాక ప్లేటుకీ ఫ్లైవీల్‌కీ మధ్య జారుడు ఉండదు. జారుడు లేనిచోట అరుగుదల ఎక్కడిది? అరిగేది గేరు దించిన ఆ ఒక్క క్షణంలో, అది కూడా ఆర్‌పీఎం తేడా ఉంటే. 40లో థర్డ్ నుంచి సెకండ్‌కి వస్తే ఇంజిన్ 2000 నుంచి 2850కి వెళ్ళాలి. క్లచ్ వదిలేముందు యాక్సిలేటర్ కొంచెం తట్టి ఆ ఆర్‌పీఎం ఇస్తే కుదుపూ ఉండదు, అరుగుదలా ఉండదు. మీకు నిజంగా క్లచ్ మీద అనుమానం ఉంటే పరీక్ష ఇది: ఖాళీ రోడ్డు మీద ఫోర్త్‌లో 50లో ఉండి యాక్సిలేటర్ పూర్తిగా నొక్కండి. ఆర్‌పీఎం గబుక్కున పెరిగి స్పీడు పెరక్కపోతే ప్లేటు అయిపోయినట్టే.

డీజిల్_డాల్ఫిన్
గేరు దించేటప్పుడు ఒక హెచ్చరిక. హైవే మీద 100లో టాప్ నుంచి ఫోర్త్‌కి లాగబోయి సెకండ్‌లో వేసేస్తే 7000 దాటిపోద్ది. యాక్సిలేటర్‌తో ఎక్కువ తిప్పితే లిమిటర్ ఆపుద్ది గానీ, చక్రాలు తిప్పుతుంటే ఏ లిమిటరూ ఆపలేదు. వాల్వులు వెళ్ళి పిస్టన్‌కి తగుల్తాయి. టాప్ నుంచి ఫోర్త్‌కి రాడ్‌ని అరచేత్తో తిన్నగా వెనక్కి లాగండి, ఎడమ వైపు గుంజకండి.

సిరిపురం_సిగ్నల్
అలాగని తక్కువ గేరంటే భయపడక్కర్లేదు. సెకండ్‌లో 60 అంటే 4300, ఇంజిన్‌కి అది మామూలు పనే. రెండు లేన్ల రోడ్డు మీద లారీని దాటాలంటే టాప్‌లో 60 నుంచి నొక్కడం కన్నా థర్డ్ వేసి 3000 నుంచి లాగడం క్షేమం. ఎదుటి లేన్లో ఉండే సమయం బాగా తగ్గుతుంది. టాప్ నుంచి థర్డ్‌కి నేరుగా రావచ్చు, మధ్యలో ఫోర్త్ తగలాల్సిన పని లేదు.

మధురవాడ_మలుపు
ఇంకొకటి. సింహాచలం కొండ మీద బళ్ళ వరసలో ఆగి మళ్ళీ కదిలేటప్పుడు వెనక్కి జారుతోంది. వెనకవాళ్ళు హారన్లు. హాఫ్ క్లచ్ మీద నిలబెట్టమని ఒకరన్నారు.

డ్రైవింగ్_మేష్టారు
ఆ అలవాటు చేసుకోకండి. హాఫ్ క్లచ్‌లో నిలబెట్టినంతసేపూ ప్లేటు రాపిడికి కాగుతూనే ఉంటుంది. హ్యాండ్ బ్రేకుతో చెయ్యండి:

1. ఆగగానే హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి న్యూట్రల్. కాళ్ళు తీసెయ్యండి.
2. ముందు బండి కదిలాక క్లచ్, ఫస్ట్. యాక్సిలేటర్ 1500 దాకా, నిలకడగా.
3. క్లచ్ మెల్లగా వదులుతూ రండి. బానెట్ ముందుభాగం ఒక అంగుళం లేచి, ఇంజిన్ శబ్దం కొంచెం మందగిస్తుంది. ఎడం కాలు అక్కడే ఆపండి.
4. హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి దించండి. బండి వెనక్కి వెళ్ళదు. అప్పుడు ఇంకొంచెం యాక్సిలేటర్, క్లచ్ పూర్తిగా వదలండి.

మూడో మెట్టు రావడానికే సాధన కావాలి. పొద్దున్నే ఖాళీగా ఉండే చిన్న ఎత్తు చూసుకుని యాక్సిలేటర్ ముట్టుకోకుండా క్లచ్ ఒక్కటే వదుల్తూ ఆ లేచే చోటు పట్టుకోండి. అది ఎడం కాలికి తెలిస్తే మిగతాదంతా సులువు.

ఎన్ఏడీ_కొత్తరోడ్
హిల్ హోల్డ్ ఉన్న బళ్ళకి ఈ గొడవ లేదు కదా?

సిరిపురం_సిగ్నల్
అది బ్రేకు వదిలాక రెండు మూడు సెకన్లే పట్టుకుంటుంది. ఆలోపు క్లచ్ అందుకోవాలి. దాన్నే నమ్ముకుని కూర్చోకండి.

భీమిలి_బ్రేకులు
రివర్స్ వేసినప్పుడల్లా గర్రుమంటోంది. గేర్‌బాక్స్ పోయినట్టా?

క్లచ్‌ప్లేటు
చాలా బళ్ళలో రివర్స్‌కి సింక్రో ఉండదు. బండి పూర్తిగా ఆగాలి, క్లచ్ నేలకంటా తొక్కి మూడు సెకన్లు ఆగి వెయ్యాలి. ఇంకా గర్రుమంటే ముందు ఫస్ట్ వేసి, తియ్యగానే రివర్స్ వెయ్యండి. ఫస్ట్ సింక్రో లోపలి షాఫ్ట్‌ని ఆపేస్తుంది. ఇలా చేసినా మానకపోతే క్లచ్ పూర్తిగా విడవట్లేదు, కేబుల్ గానీ హైడ్రాలిక్ గానీ చూపించండి. గేర్‌బాక్స్ దాకా వెళ్ళకండి.

సీతమ్మధార_సీఎన్‌జీ
డౌన్‌లో పార్క్ చేసేటప్పుడు ఏ గేరు? మా వీధి మొత్తం ఏటవాలే.

ఘాట్‌రోడ్_గిరి
ముక్కు పైకి ఉంటే ఫస్టు, కిందకి ఉంటే రివర్సు. వరస కూడా ముఖ్యమే. బ్రేకు మీద ఆపి, న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేకు లాగి, కాలిబ్రేకు మెల్లగా వదిలి బరువు హ్యాండ్ బ్రేకు మీద కూర్చోనివ్వండి. ఆ తర్వాత క్లచ్ తొక్కి గేరు వేసి ఇంజిన్ ఆపండి. ముక్కు కిందకి ఉంటే ముందు చక్రాలు ఎడమకి, రోడ్డు అంచు వైపు తిప్పి పెట్టండి. పైకి ఉండి పక్కన ఫుట్‌పాత్ గట్టు ఉంటే కుడికి తిప్పండి, జారినా చక్రం గట్టుకి తగిలి ఆగుతుంది.

చదును చోట వానాకాలం రాత్రంతా హ్యాండ్ బ్రేకు లాగి ఉంచకండి. ఉప్పుగాలికి వెనక డ్రమ్ములు తుప్పు పట్టి షూలు అతుక్కుపోతాయి. ఫస్ట్ వేసి ఉంచితే చాలు. పొద్దున్న క్లచ్ తొక్కకుండా తాళం తిప్పకండి.

డీజిల్_డాల్ఫిన్
ఏటవాలు బాగా ఎక్కువైతే చక్రానికి రాయి కూడా పెట్టండి. బయల్దేరేటప్పుడు ఆ రాయి తీసి రోడ్డు బయటకి వేసీండి. అక్కడే వదిలేస్తే రాత్రి పూట వచ్చే బైకువాడి బండి దానికి తగిలి పడిపోద్ది.